అప్పతో బీచ్ రోడ్డు నడవాలంటే

ముందు ఎలా నడవకూడదో చెప్తాను. అది నేను చేసి చూశాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

మా అప్ప ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉంటుంది. అప్ప అంటే అక్క, మా ఇంట్లో అలాగే పిలుస్తాం. బావగారు అక్కడ ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయ్యారు. ఏడాదికోసారి, సంక్రాంతి రద్దీ తగ్గాక విశాఖ వస్తుంది. 2018లో సమతా ఎక్స్‌ప్రెస్ దిగిన మనిషిని దిగినట్టే కారెక్కించి తిన్నగా బీచ్ రోడ్డుకి పట్టుకుపోయాను. ఇదిగో జలాంతర్గామి, అదిగో విమానం, ఇక్కడ కొత్త లైట్లు, అక్కడ కొత్త పార్కు అని వేలు చూపిస్తూ నడిపాను. నడిపానని అనుకున్నాను గానీ సగం దూరం కారులోనే. చివరికి ఓ అద్దాల గదిలో కూచోబెట్టి కాఫీ తెప్పించాను. అక్కణ్ణించి సముద్రం కనబడుతుంది, వినబడదు. అప్ప కప్పుని సాసర్లో రెండు చుట్లు తిప్పి, "ఒరే బుజ్జీ, నువ్వేటిరా నాకు ఊరు అమ్ముతున్నావా?" అంది.

అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఈ సముద్రాన్ని నాకంటే ఆరేళ్ళ ముందే చూసింది. అలాంటి మనిషికి నేను సముద్రం చూపించడమేంటి? 2019 నుంచి పద్ధతి మార్చాం. ఈ కింద చెప్పేదంతా ఆ మార్చిన పద్ధతి. మీకు అన్నయ్య ఉన్నా, చెల్లెలు ఉన్నా పనికొస్తుంది. మీ ఊరి గట్టు వేరైతే పేర్లు మార్చుకోండి.

నెల ముఖ్యం. జనవరి ఆఖరు, ఫిబ్రవరి మంచివి. ఉక్కపోత ఉండదు, పొద్దున్నే చిన్న చలి. మే నెలలో ఎనిమిది గంటలకే చొక్కా వీపుకి అతుక్కుంటుంది, అప్పుడు తోబుట్టువుల మధ్య ప్రేమ గురించి మాట్లాడటం కష్టం. డిసెంబరు 4 ముందు వారం వద్దు. ఆ రోజు నేవీ డే, విన్యాసాలు ఇక్కడ పెట్టిన ఏడాదైతే దానికి ముందు రిహార్సళ్ళుంటాయి, ఊరంతా ఇసకలోనే ఉంటుంది. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరిప్రదక్షిణ జనం అప్పూఘర్ దగ్గర సముద్రస్నానం చేసి వెళ్తుంటారు. మీరూ ఆ ముప్ఫై రెండు కిలోమీటర్లు నడిచేవాళ్ళయితే సరే, లేకపోతే ఆ రోజుకి ఇంట్లో ఉండండి.

వేళ ఇంకా ముఖ్యం. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం బండ్లు ఆపేస్తారు. ఆ గంటన్నర, రెండు గంటలే ఈ రోడ్డుకి నిజమైన వైభోగం. హారన్ ఉండదు కాబట్టి మాట మెల్లగా అనొచ్చు. మెల్లగా అనగలిగితేనే కొన్ని మాటలు బయటికొస్తాయి. మా అమ్మ ఆఖరి రోజుల గురించి అప్ప మొదటిసారి నోరు విప్పింది ఆ వేళలోనే. సాయంత్రం వచ్చి ఉంటే బుడగలమ్మేవాడి ఈలకి అది పోయి ఉండేది.

పంచాంగం కూడా ఓసారి తిరగెయ్యండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువగా ఉంటుంది, నీళ్ళు బాగా పైకొస్తాయి. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. రోజురోజుకీ ముప్పావుగంట పైచిలుకు వెనక్కి జరుగుతుంటాయి. ఇసక మీద నడవాలంటే ఆటు వేళ వెళ్ళండి. తడి ఇసక గట్టిగా ఉంటుంది, కాలు దిగదు. పొడి ఇసకలో మోకాళ్ళ నొప్పుల మనిషిని నడిపిస్తే ఆ పాపం మీదే.

కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకోండి. నేను ఒక ఏడాది బూట్లతో వెళ్ళి, ఇల్లు చేరాక గుప్పెడు ఇసక బాత్రూంలో దులిపి మాటపడ్డాను. చిన్న నీళ్ళ సీసా, ఓ పాత తువ్వాలు, చిల్లర, రెండు మూడు ఖాళీ ప్లాస్టిక్ కవర్లు. ఇంకో రెండు వస్తువులున్నాయి, అయస్కాంతం ముక్క, నైలాన్ తాడు. వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఎక్కణ్ణించి మొదలెట్టాలి? దక్షిణం నుంచి. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఆటో దిగి, కోస్టల్ బ్యాటరీ అనే చోటు మీదుగా ఉత్తరానికి. ఇలా నడిస్తే పొద్దు కుడి చెంప మీద పొడుస్తుంది, డాల్ఫిన్స్ నోస్ కొండ వీపు వెనక ఉంటుంది. అలిసినప్పుడల్లా వెనక్కి తిరిగి కొండని చూడొచ్చు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని ఒప్పుకోలేని వాళ్ళకి ఇది గొప్ప సాకు. "ఆగరా, కొండ చూద్దాం" అంటుంది అప్ప. నేనూ చూస్తాను. నావీ యాభై దాటిన మోకాళ్ళే.

హార్బర్‌కి ఐదున్నరకల్లా చేరాలి. లైట్ల కింద బోట్ల నుంచి బుట్టలు దిగుతుంటాయి, ఐసు ముక్కలు కాళ్ళ కింద కరకరలాడుతుంటాయి. వంజరం, చందువ, కానాగంతలు, పీతలు, టబ్బుల్లో రొయ్యలు. వేలంపాటలో చెప్పే ధర మనకి అర్థమయ్యే లోపే సరుకు చేతులు మారిపోతుంది. 2023 నవంబరులో ఇక్కడ ఒక రాత్రి మంటలంటుకుని పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఆ తర్వాతి జనవరిలో వెళ్ళినప్పుడు అప్ప ఆ రేవు వైపు కాసేపు చూసి, ఏమీ అడగలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ మరబోట్లు కట్టేసే ఉంటాయి, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చూడండి, బేరమాడండి, కొనకండి. మొదట్లోనే కొంటే ఆ సంచీ నడకంతా మీతో వస్తుంది, మీకంటే ముందు దాని వాసనే వస్తుంది. అప్పకి ఈ మాట చెప్పినా లాభం లేదు. ఒకసారి నెత్తళ్ళ బుట్ట ముందు గొంతుక్కూచుని బేరం మొదలెట్టింది. అమ్మే ఆవిడ అప్ప చీర కట్టూ, మాట తీరూ చూసి, "ఏ ఊరమ్మా మీది?" అంది.

అప్ప మొహం చూడాలి. నలభై ఏళ్ళు హిందీ ఊళ్ళో ఉంటే మాట మీద కాస్త దుమ్ము పడుతుంది కదా. "ఏ ఊరేటి? ఈ ఊరే! పాత పోస్టాఫీసు కాడ కోటవీధి మాది," అంది గట్టిగా.

"అలాగా తల్లీ. అయితే ఈ రేటుకి నెత్తళ్ళు రావని నీకు తెలియాల గదా!"

అలాంటి చోట తమ్ముడన్నవాడు మధ్యలో దూరి "మా అప్ప ఇక్కడే పుట్టింది" అని సాక్ష్యం చెప్పకూడదు. నేను చెప్పి తిట్లు తిన్నాను. ఎవరి ఊరు వాళ్ళే నిరూపించుకుంటారు.

హార్బర్ నుంచి బయటికొచ్చి కోస్టల్ బ్యాటరీ దగ్గరికి చేరేసరికి ఆకాశం తెల్లబడుతుంది. ఇక్కడ పది నిమిషాలు గట్టు మీద కూచోవాలి. తప్పనిసరి. ఎందుకంటే ఈ తీరం ఎందుకు మారుతోందో ఇక్కణ్ణించి చూస్తేనే అర్థమవుతుంది, ఆ కొండ పక్కనున్న పోర్టు నోరు చూస్తే.

మా నాన్న పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే బస్తాలు, పెట్టెలు లెక్కపెట్టడం పని. ఆయన చెప్పగా విన్నదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తున్నాను. ఈ తీరం వెంట ఇసక కూడా ఒక ప్రయాణికుడే. ఏడాదిలో ఎక్కువ భాగం, ముఖ్యంగా నైరుతి గాలులప్పుడు, అలలు ఏటవాలుగా కొట్టి ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది గానీ, మొత్తం మీద లెక్క ఉత్తరానికే. పోర్టు కట్టేటప్పుడే ఈ ఇసకతో తంటా వచ్చింది. రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి కొండ దగ్గర కావాలని ముంచి అడ్డుకట్ట వేశారు. 1933లో పోర్టు తెరిచారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది, రాళ్ళ గోడలు సముద్రంలోకి ఇంకా ముందుకి వెళ్ళాయి. ఓడలకి నీళ్ళు నిలకడగా ఉండాలంటే ఆ గోడలు కావాలి. కానీ దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసక ఆ గోడ దగ్గర ఆగిపోతుంది. ఇటుపక్క రామకృష్ణా బీచ్‌కి రావలసిన వాటా రాదు. అలలు మాత్రం మానవు కదా, ఉన్నది పట్టుకుపోతాయి. అందుకని ఆగిన ఇసకని డ్రెడ్జర్‌తో తవ్వి, నీళ్ళతో కలిపి ఇటు పోస్తుంటారు. పోస్తారు, పోతుంది, మళ్ళీ పోస్తారు.

ఇది విని అప్ప, "అంటే మనం చిన్నప్పుడు ఆడిన ఇసక ఇప్పుడు భీమిలి దాటేసుంటాది," అంది. అక్కడితో ఆగితే బాగుండేది. "నాన్న జీతం ఇచ్చిన పోర్టే మన ఇసక తినేసింది" అని కూడా అంది. నేను కాదనలేదు, అవుననలేదు. నా చదువు, అప్ప పెళ్ళి, అన్నీ ఆ జీతంతోనే.

ఇక్కణ్ణించి పార్క్ హోటల్ జంక్షన్ దాకా సుమారు మూడు కిలోమీటర్లు. మామూలుగా ముప్పావుగంట నడక. మీరు రెండున్నర గంటలు పెట్టుకోండి. దారిలో ఏది చూడాలో నేను చెప్పను, బోర్డులు పెట్టే ఉన్నాయి. తోబుట్టువుతో ఎలా చూడాలో చెప్తాను.

మొదటి నియమం: పేర్లు పెట్టే హక్కు పెద్దవాళ్ళది. అప్ప ఇప్పటికీ ఒక మలుపుని "సరుగుడు తోట" అంటుంది. అక్కడ ఇప్పుడు సరుగుడు చెట్టు ఒక్కటీ లేదు. నేను ఎరిగిన కాలంలో ఉన్న కొద్ది చెట్లని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను లాగేసింది. ఆ ఆదివారం గాలి ఒక వైపు నుంచి కొట్టి, కాసేపు ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్ళీ రెండో వైపు నుంచి కొట్టింది. అప్ప భిలాయిలో ఫోను పట్టుకుని కూచుంది, మా ఫోన్లు చచ్చిపోయాయి. నాలుగో రోజుకి గానీ మాట కలవలేదు. ఆ తుఫాను నాది, ఆ తోట అప్పది. రెండూ ఒకే చోటు. "సరుగుడు తోట దగ్గర ఆగుదాం" అంటే నేను ఇప్పుడు ఏ చోటని అడగను, ఆగుతాను.

కాళీమాత గుడి మాకు సరిహద్దు రాయి లాంటిది. గుడి కట్టింది 1984లో. అప్ప పెళ్ళి 1983లో. "నా పెళ్ళికి ఈ గుడి లేదురా" అని ప్రతి ఏడూ అంటుంది, ప్రతి ఏడూ కొత్తగా ఆశ్చర్యపోతుంది. గుడి తర్వాత వచ్చినవన్నీ నా ఖాతా, ముందువన్నీ తన ఖాతా. మీ ఊళ్ళో కూడా ఇలాంటి కట్టడం ఒకటి వెతుక్కోండి. ఒకరు ఊరు విడిచిన ఏడాది, ఆ పక్క ఏడాది కట్టినది. అది దొరికితే సగం వాదాలు తీరిపోతాయి.

ఆపై కురుసుర జలాంతర్గామి. దీని వేళలు ముందే చూసుకోండి, పొద్దున్న నడకలో లోపలికి వెళ్ళడం కుదరదు, సోమవారం మూస్తారు. మేం సాయంత్రం మళ్ళీ వచ్చాం. సోవియట్ల దగ్గర కొన్నది, 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరి దాకా పనిచేసింది. తొంభై ఒక్క మీటర్ల పొడవు. 2002లో దాన్ని ఇసక మీదికి లాగి మ్యూజియం చేశారు. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతలు, వాటిలోంచి ముందు తలా, తర్వాత కాలూ దూర్చి దాటాలి. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోవాలి. మోకాళ్ళు సహకరించని వాళ్ళని బలవంతం చెయ్యకండి. మాకు లోపల వివరాలు చెప్పింది నౌకాదళంలో చేసి రిటైరైన ఒకాయన. ఆయన అప్ప ఇబ్బంది చూసి, "అమ్మగారూ, ఇందులో నెలల తరబడి ఉన్న కుర్రాళ్ళకీ తల బొప్పి కట్టేది" అన్నాడు. దాంతో అప్పకి పంతం వచ్చి అన్ని కంతలూ దాటేసింది. రాత్రి వేడినీళ్ళ కాపడం నేనే పెట్టాను. ఎదురుగా ఉన్న టీయూ 142 విమానం 2017లో వచ్చింది. దానికి మెట్లున్నాయి, ఇబ్బంది లేదు. మాకు దాని మీద చెప్పుకునేంత కథ కూడా లేదు.

కథ ఉన్నది విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు బయటే మునిగిపోయింది. అప్పకి అప్పుడు ఎనిమిదేళ్ళు, నాకు రెండు. కిటికీ అద్దాలకి నాన్న నల్ల కాగితం అంటించడం, ఇంట్లో దీపాలు ఆర్పేసి కూచోవడం, ఆ రాత్రి దబ్బుమన్న శబ్దానికి వంటింటి అలమర మీంచి ఇత్తడి చెంబు దొర్లి పడటం. ఇవన్నీ నేను చాలా ఏళ్ళు నా జ్ఞాపకాలుగా స్నేహితులకి చెప్పుకున్నాను. ఒకసారి స్తూపం ముందు నిలబడి అప్పకే చెప్పడం మొదలెట్టాను. సాంతం విని, "చెంబు ఎవరు తీసారో చెప్పు," అంది. నాకు తెలీదు. "నాను తీసాను. నువ్వు నిద్దరోతున్నావు. పక్క తడిపేసావు కూడా."

అందుకని రెండో నియమం: వాళ్ళ జ్ఞాపకాన్ని వాళ్ళకే తిరిగి చెప్పకండి. అడగండి. నాకు గుర్తున్న ఒక్క చెంబుకి అప్ప దగ్గర ఇంకో పది వస్తువులున్నాయి. జపాను వాళ్ళు 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద బాంబులు వేసినప్పుడు నాన్నమ్మ మూటాముల్లే కట్టుకుని పల్లెకి పోయిన సంగతి కూడా అలా అడిగితేనే వచ్చింది. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబొకటి బీచ్ రోడ్డు మీదే విశాఖ మ్యూజియంలో ఉంది, చూడొచ్చు.

ఇప్పుడు అయస్కాంతం. మాటలు అయిపోయినప్పుడు, లేదా మాటామాటా పెరిగినప్పుడు, చేతులకి పని కావాలి. అల వెనక్కి పోయాక తడి ఇసక మీద నల్లటి చారలు మిగులుతాయి, కాటుక పెట్టిన వేలితో గీసినట్టు. అది మురికి కాదు, బరువైన ఖనిజాలున్న నల్ల ఇసక. తేలికైన తెల్ల ఇసకని నీళ్ళు లాక్కుపోతే ఇది వెనక పడుతుంది. ఒక గుప్పెడు తెచ్చి గట్టు మీద కాగితం వేసి ఆరబెట్టండి. కాగితం కింద అయస్కాంతం జరిపితే ఆ ఇసకలో కొంత గొంగళిపురుగులా వెంట్రుకలు లేపుకుని వెంట నడుస్తుంది. చిన్నప్పుడు పాడైపోయిన రేడియో స్పీకరులోంచి అయస్కాంతం పీకి ఇదే ఆట ఆడేవాళ్ళం. ఆ రేడియో ఎవరు పాడుచేశారన్నది ఇంకా తేలలేదు. ఈసారి అరవై దాటిన అప్ప ఆ ఇసక పురుగుని కాగితం చివరిదాకా నడిపించి, కింద పడెయ్యకుండా వెనక్కి తిప్పింది. చిన్నప్పుడూ అంతే, తను ఎప్పుడూ పడేసేది కాదు, నేనే పడేసేవాణ్ణి.

నీళ్ళలోకి మాత్రం దిగకండి. పాదాలు తడుపుకుంటే చాలు. ఈ తీరం గబుక్కున లోతవుతుంది, వెనక్కి లాగే అల బలం చూడ్డానికి తెలీదు. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. అప్ప చెయ్యి పట్టుకునే నిలబడతాను, తను నన్ను పట్టుకుందో నేను తనని పట్టుకున్నానో మా ఇద్దరికీ తెలీదు.

పొద్దున్న తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రాగి జావ, మొలకలు, కొబ్బరిబొండాం, టీ దొరుకుతాయి. అసలు తిండి సాయంత్రానిది, ముర్రీ మిక్చర్. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేయించిన వేరుసెనగ్గుళ్ళు, కారప్పూస వేసి, నిమ్మకాయ పిండి, డబ్బాలో గరిటెతో టకటకా కలిపి కాగితం పొట్లంలో పోస్తారు. ఒక్క పొట్లమే కొనండి. రెండు కొంటే ఎవరిది వాళ్ళు తింటూ చెరోవైపు చూస్తారు. ఒకటైతే కొట్టుకోవాలి. అడుగున మిగిలే ఉప్పు, కారం, నిమ్మరసం కలిసిన ఆ తడి నాలుగు గింజలు చిన్నవాళ్ళవి. ఇది మా ఇంటి చట్టం, ఇందులో మార్పు లేదు.

పార్క్ హోటల్ జంక్షన్ దాటి ఓపిక ఉంటే వుడా పార్కు మీదుగా పెద జాలారిపేట వైపు వెళ్ళండి. అక్కడ తీరం ఇంకా పనిలో ఉంటుంది. తెప్పలకి బదులు ఎక్కువగా ఇంజను పెట్టిన ఫైబరు బోట్లు కనబడతాయి గానీ, వల బాగుచేసే చేతులు మాత్రం అవే. బొటనవేలికి వల తగిలించి, చిరుగు ఎక్కడుందో చూడకుండానే పట్టుకుంటారు. ఫొటో తీసేముందు అడగండి. ఆరబెట్టిన వలని చెప్పులతో తొక్కితే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అంతకన్నా దూరం, తెన్నేటి పార్కు దాకా అంటే, బస్సెక్కండి. 2020 అక్టోబరు వాయుగుండంలో ఒక బంగ్లాదేశ్ ఓడ ఆ పార్కు దగ్గర రాళ్ళ మీదికి కొట్టుకొచ్చి చాలాకాలం అక్కడే ఉంది. అప్ప ఆ ఓడని చూడలేదని నాకు చిన్న గర్వం. నా ఖాతాలో ఓడ కూడా ఉంది మరి.

చివరగా తాడు.

2019 నడకలో మాకో గొడవ వచ్చింది. చిన్నప్పుడు గట్టు నుంచి నీళ్ళ దాకా ఎంత దూరం ఉండేదని. అప్ప రెండు వందల అడుగులంది, నేను మూడు వందలన్నాను. కాసేపటికి తెలిసింది, ఇద్దరిదీ నిజమే కావచ్చు, నా కాళ్ళు అప్పటికి చిన్నవి. ఆ రోజు కాళీమాత గుడి ఎదురుగా మెట్ల దగ్గర నిలబడి, అప్ప అడుగులో అడుగు వేసుకుంటూ లెక్కపెట్టింది. తొంభై నాలుగు. భిలాయి వెళ్ళాక క్యాలెండరు వెనక రాసిపెట్టుకుంది. 2020లో ఎనభై ఎనిమిది. 2021 కరోనా, రాలేదు. 2022లో అరవై ఒకటి. 2023లో డెబ్భై ఆరు అని వచ్చేసరికి ఇద్దరం సంబరపడ్డాం, సముద్రం వెనక్కి తగ్గింది, ఇసక బాగా పోశారు అని.

ఓ పడవ నీడలో కూచుని బీడీ కాలుస్తున్న పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు. మా లెక్క సంగతి అడిగి తెలుసుకుని, అప్ప నడకని ఇంకోసారి చూసి, "సముద్రం యెనక్కి పోనేదమ్మా. నీ అడుగు సిన్నదయింది," అన్నాడు.

మోకాళ్ళ నొప్పి మొదలైంది ఆ ఏడాదే.

ఆయనే చెప్పాడు, తాడుతో కొలవమని. వాళ్ళు లోతుని బారల్లో కొలుస్తారు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ చేతి కొస నుంచి ఆ చేతి కొస దాకా ఒక బార. కాళ్ళు మారినా చేతులు మారవన్నాడు. మరుసటి ఏడు నైలాన్ తాడు కొని, అప్ప బారకి ఒక ముడి చొప్పున ఇరవై ముళ్ళు వేశాం. నా బార వేస్తే పొడవు ఎక్కువొస్తుంది, కానీ లెక్క మొదలెట్టిన మనిషి తను.

మీరు కొలిచేటట్టయితే ఇవి గుర్తుపెట్టుకోండి. ఏటా అదే నెల, అదే మెట్టు, అదే తిథికి దగ్గరి రోజు, అదే ఆటు వేళ. అల వచ్చి ఆగిన చోటు కాదు, వరసగా పది అలలు చూసి అందులో ఎక్కువ అలలు ఆగిన చోటు. ఒకరు మెట్టు దగ్గర తాడు పట్టుకోవాలి, ఒకరు నీళ్ళ వైపు నడవాలి. నీళ్ళ వైపు నడిచేది నేను. అప్ప మెట్టు మీద కూచుని, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగరా, తడిసిపోతావు!" అని అరుస్తుంది. మొన్న జనవరిలో పన్నెండు ముళ్ళూ, పదమూడో ముడికి జానెడు తక్కువ.

తిరుగు దారిలో ఆటోలో మళ్ళీ మార్కెట్ దగ్గర ఆగి ఎండు నెత్తళ్ళు కొన్నాం. రైల్లో వాసన రాకుండా ఉండాలంటే ముందు పేపర్లో చుట్టి, మూడు కవర్లు ఒకదాని మీద ఒకటి తొడిగి, ఆపైన మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టాలి. 2024 నుంచి భిలాయి పక్కనున్న దుర్గ్‌కి వందేభారత్ ఉంది గానీ అది ఏసీ బండి, తలుపులు మూసి ఉంటాయి, కాబట్టి ఈ జాగ్రత్త రెట్టింపు. ఈసారి డబ్బాలో కాస్త చోటు మిగిలిందని అప్ప తాడు కూడా అందులోనే కుక్కేసింది. వచ్చే ఏడాది అది నెత్తళ్ళ వాసనతో తిరిగొస్తుంది.